హనుమకొండల పాత పత్రికల నవ్వు కథలు బుక్‌లెట్లు కుట్టించుకున్న – షాపు రివ్యూ, సరుకు రివ్యూ రెండూ

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ మీదుగ కేయూ (కాకతీయ యూనివర్సిటీ) దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కల జిరాక్స్ షాపులే, అండ్లనే ఒకటి ఇది, పేరు రాయట్లే ఎందుకంటే ఆ అన్ననే వద్దన్నడు, పరీక్షల టైమ్ల పిల్లల రికార్డులు ప్రాజెక్టులతోనే చెయ్యి ఖాళీ ఉండదు ఇంకా నీ రివ్యూ చూసి నలుగురొస్తే నేనేడ చావాలె అన్నడు. సరే అన్న. కానీ పని మంచిగ చేసిండు కాబట్టి రాయకుండ ఉండబుద్ధి కాలే. ఆ లైన్ల ఏ షాపుకు పోయినా మీకు పనికొచ్చేటట్టే రాస్తున్న, ఏం అడగాలె, ఏం ముందే చెప్పాలె అని.

నేను ఏం ప్రింట్ తీయించుకున్న అంటే 19వ శతాబ్దం పత్రికలల్ల వచ్చిన నవ్వు కథలు. లండన్ల వచ్చిన పంచ్ అనే హాస్య పత్రిక పేజీలు కొన్ని, రష్యా రచయిత చెహోవ్ చిన్నప్పుడు (అంటే డాక్టర్ చదువుకునేటప్పుడు) రాసిన పొట్టి కథల పాత ఇంగ్లీష్ అనువాదాలు, మార్క్ ట్వెయిన్ కప్ప కథ, మన వీరేశలింగం గారి ప్రహసనం ఒకటి, సత్యరాజా యాత్రలల్ల కొంత భాగం, ఇంకా మా పెద్దనాన్న కోసం లక్నో నుంచి వచ్చిన అవధ్ పంచ్ ఉర్దూ పేజీలు. ఇవన్నీ పాతబడి కాపీరైట్ అయిపోయినయే, ఆర్కైవ్‌లల్ల, గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్ల ఫ్రీగ ఉన్నయి, దొంగ పని ఏం లేదు. షాపు అన్న కూడ మొదలు అదే అడిగిండు, ఇది కాపీ కొట్టొచ్చా అని, రాసినోళ్లు పోయి వందేండ్లు దాటిందన్నా అంటే సరే ఇటియ్యి పెన్‌డ్రైవ్ అన్నడు.

ఇగ అసలు ముచ్చట. వీటిని లావు పుస్తకంగ బైండింగ్ చేయించకున్రి. మా దోస్త్ ఒకాయన ఇదే సరుకు మొత్తం కలిపి కాలికో బైండింగ్ (గుడ్డ అతికిన గట్టి అట్ట), మీద బంగారు అక్షరాలు కొట్టించుకున్నడు, చూస్తే లా పుస్తకం లెక్క ఉంది, అలమర్ల పెట్టుకున్నడు, ఇప్పటిదాంక ముప్పై పేజీలు దాటలే. నేను మాత్రం ఏ4 కాగితం మధ్యల మడిచి సెంటర్ పిన్ కొట్టించి సన్న సన్న బుక్‌లెట్లు చేయించుకున్న, ఒక్కోటి 16 పేజీలు, 24 పేజీలు, అంతే. జేబుల పెట్టుకుని బస్సుల చదువుడు, అయిపోతే ఇంకోనికి ఇచ్చుడు. ఎందుకింత నొక్కి చెప్తున్నంటే ఆ కథలు పుట్టిందే అట్ల. ఎవ్వడు కూర్చుని మూడు వందల పేజీల హాస్యం రాయలే, వారానికోసారి వచ్చే పత్రికల ఇంత జాగ ఇస్తే అంతల నవ్వించి దిగిపోవాలె. మిర్చి బజ్జి వేడి మీద రెండు తింటే సుఖం, కిలో పార్శిల్ తెచ్చుకుని ఒక్కసారే తింటే ఏమైతదో మీకు తెల్సు.

చెహోవ్ సంగతే తీసుకోన్రి. ఆయన 1880 నుంచే మాస్కో, పీటర్స్‌బర్గ్ హాస్య పత్రికలకు రాస్తున్నడు, అంతోషా చెహోంతే అని పేరు పెట్టుకుని, మెడిసిన్ చదువుకుంట ఇల్లు నడపాలె కాబట్టి. 1882ల నికొలాయ్ లేకిన్ అనే ఎడిటర్ నడిపే అస్కోల్కి అనే వారపత్రికల చేరిండు, ఆడ రూల్ ఏందంటే సుమారు వంద లైన్లు, దాటొద్దు, మల్ల సెన్సారోనికి దొరకొద్దు, మల్ల నవ్వు రావాలె. లైనుకు ఇన్ని కోపెక్కులని (రష్యా చిల్లర పైసలు) లెక్క. ఆ వంద లైన్ల ఇరుకులనే ఆయన చేయి తిరిగింది అని నాకనిపిస్తది, ఎందుకంటే 1883ల వచ్చిన గుమాస్తా చావు కథ చూస్తే ఒక్క మాట ఎక్కువ లేదు. థియేటర్ల కూసున్న చిన్న గుమాస్తాకు తుమ్మొస్తది, ముంగట కూసున్న పెద్ద సారు బట్టతల మీద తుంపర పడ్తది, మనోడు సారీ చెప్తడు, ఆయన పర్లే అంటడు, మనోనికి నమ్మకం కుదరదు మల్ల సారీ, ఇంటర్వెల్ల సారీ, తెల్లారి ఆఫీసుకు పోయి సారీ, ఆఖరికి ఆ పెద్దసారు ఛల్ బయటికి నడువ్ అని ఒర్రుతడు, మనోడు ఇంటికి పోయి ఆ యూనిఫాం తోనే సోఫాల పండుకుని సచ్చిపోతడు. అంతే, కథ ఖతం. కలెక్టరేట్ల, తహసీల్ ఆఫీసుల పని చేసినోళ్లకు ఈ కథ ఇచ్చి చూడున్రి, మొదలు నవ్వుతరు, తర్వాత జర సైలెంట్ అయితరు. నేను ఇచ్చిన ఒకాయనైతే, ఇది మా సూపరింటెండెంట్ సార్ సంగతే కదా ఎవలు రాసిన్రు అని అడిగిండు.

1884ల వచ్చిన ఊసరవెల్లి కథ ఇంకా మజా. కంసాలాయన వేలు ఒక కుక్క కరుస్తది, పోలీసాయన వచ్చి ఈ కుక్క ఓనర్ ఎవడు, వాని సంగతి చూస్త అంటడు, గుంపుల నుంచి ఎవడో ఇది జనరల్ సాబ్ కుక్క కావచ్చు అంటడు, అంతే పోలీసాయనకు ఉడుకపోస్తది, కోటు తీయమంటడు, నువ్వే వేలు ఏ మేకుకో గీకించుకుని వచ్చినవురా అని కంసాలాయన మీదికి పోతడు, కాదు జనరల్‌ది కాదు అంటే మల్ల మాట మారుస్తడు, లే జనరల్‌దే అంటే ఈసారి చలి పెడ్తది, కోటు తొడగమంటడు. చివరికి ఆ కుక్క జనరల్ గారి తమ్ముందో అన్నదో అని తేలుతది. ఈ ఒక్క బుక్‌లెట్ మా వాడకట్టుల ఎన్ని చేతులు మారిందో, ఇప్పుడు నా దగ్గర లేదు. మల్ల తీయించుకోవాలె.

పంచ్ సంగతికొస్తే అది 1841ల లండన్ల మొదలైంది, వారపత్రిక, మూడు పెన్నీల ధర. నేను తీయించుకుంది 1888, 89 ఏండ్ల సంచికలల్ల సీరియల్‌గ వచ్చిన ఒక గుమాస్తా డైరీ, గ్రాస్‌స్మిత్ అన్నదమ్ములది, ద డైరీ ఆఫ్ ఎ నోబడీ, పుస్తకంగ 1892ల వచ్చింది. అండ్ల పూటర్ అనేటాయన సిటీల క్లర్కు, కొత్తగ కిరాయి ఇంట్లకు దిగిండు, తన బతుకు చానా గొప్పదని ఆయనకే ఒక నమ్మకం, ఎవలెవల డైరీలో అచ్చేస్తున్నరు నాది మాత్రం ఎందుకెయ్యొద్దు అని మొదలువెడ్తడు. ఎర్ర రంగు డబ్బా ఒకటి దొరుకుతది, ఇగ ఇంట్ల దొరికినవన్ని ఎర్ర రంగు, పూల కుండీలు, బొగ్గుల డబ్బా, పుస్తకాల వీపులు, ఆఖరికి స్నానం తొట్టి. తర్వాత వేడినీళ్లల్ల కూసుంటడు, రంగు కరిగి నీళ్లంత ఎర్రగైతయి, నరం తెగింది రక్తం పోతుంది అని ఆయన ఆగం ఆగం. ఇది నేను పొద్దుగాల చదివి సాయంత్రం మా ఇంటామెకు చెప్తుంటే సగంలనే, పోయినేడు మీరు ఇంటి గేటుకు రంగేసిన సంగతి చెప్తున్నరా అని అడిగింది.

ఇది కూడ లావుగ చదివితే పానం తీస్తది, చూస్కోన్రి. ఎందుకంటే పూటర్ ఒక్కటే టైపు జోకులేస్తడు, తన జోకుకు తనే రాత్రి పండుకుని కూడ నవ్వుకుంటడు, రెండో మూడో చదివితే ఎంత అమాయకుడు పాపం అనిపిస్తది, ఇరవై పేజీలు వరుసగ చదివితే నాకైతే ఆయన ఇంటికి పోయి కిరాయి పెంచుదామనిపించింది. ఆ కాలం పాఠకుడు మధ్యల వారాలు వారాలు మర్చిపోయి మల్ల కలుస్తుండె కదా, మర్చిపోయినోడు మల్ల కనవడ్తే సంతోషమే వేరు. అందుకే పంచ్ సెట్‌ను సన్న సన్నగ విడగొట్టించిన, ఆదివారం ఒకటి అని పెట్టుకున్న.

కానీ పంచ్ ప్రింటింగుల ఒక పరేషాన్ ఉంది, ముందే చెప్పుకోవాలె. ఆ పేజీ పెద్దది, దాదాపు మన ఏ4 అంత, రెండు కాలమ్‌లు, దాన్ని ఏ4 మడిచి సగం సైజ్‌ల కొడితే అక్షరాలు చీమల బారు లెక్క అయితయి, భూతద్దం కావాలె. షాపు అన్ననే చెప్పిండు, దీనికి ఏ3 కాగితం తీసుకుని మడుద్దాం అని. ఖర్చు ఎక్కువైంది గానీ మంచిగొచ్చింది. 80 జీఎస్ఎం (కాగితం మందం లెక్క) తీసుకోన్రి, 70ల వెనక బొమ్మ ముంగటికి కనవడ్తది, పంచ్‌ల బొమ్మలు నల్లగ ఉంటయి కాబట్టి ఇంకా ఎక్కువ.

ఇంకోటి, పేజీలు నాలుగుతో భాగం పోవాలె, ఎందుకంటే ఒక్క కాగితం మడిస్తే నాలుగు పేజీలు. 18 పేజీల కథ ఇస్తే రెండు పేజీలు తెల్లగ మిగుల్తయి, ఈయన ఆ తెల్ల పేజీలకు కూడ పైసలు తీసుకుంటడు. అడిగితే మిషన్ల నుంచి కాగితం పోయింది కద తమ్మి అంటడు. అది న్యాయమే అనుకోన్రి, కానీ నేను తెలివిగ ఆ ఖాళీ జాగల చిన్న చిన్న కార్టూన్లు పెట్టిచ్చిన. పాత పత్రికలోళ్లు కూడ కాలమ్ కింద జాగ మిగిల్తే రెండు లైన్ల జోకు ఇరికిచ్చెటోళ్లు.

తెలుగు సెట్ దగ్గర అసలు లొల్లి అయింది. పాత స్కాన్లు పసుపు పచ్చగ ఉంటయి, అట్లనే బ్లాక్ అండ్ వైట్ కొడితే పేజీ అంత బూడిద రంగు, టోనర్ అంత దానికే పోతది. అందుకని షాపుల పిల్లగాడు కంప్యూటర్ల కాంట్రాస్ట్ బాగ పెంచిండు, పేజీ తెల్లగైంది కానీ వీరేశలింగం గారి అరసున్నలు సగం ఎగిరిపోయినయి, ఉన్నయి అనుకున్నవి చూస్తే అవి దుమ్ము చుక్కలు! ఏది అరసున్ననో ఏది మచ్చనో తెల్వక నేను, ఆ పిల్లగాడు ఇద్దరం కండ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ల మూతి పెట్టి చూసినం. ఆఖరికి నడిమధ్యన ఒక సెట్టింగ్ దొరికింది, మచ్చలు కొన్ని ఉంటయి గానీ చదవొస్తది. మీరు పోతే ముందు ఒక్క పేజీ శాంపిల్ తీయమనున్రి, అన్ని ఒకేసారి కొట్టనియ్యకున్రి.

ఆ తెలుగు సెట్ ముచ్చట జర ఎక్కువ రాస్త, ఎందుకంటే మన దగ్గర చానామందికి వీరేశలింగం అంటే వితంతు వివాహాలు, సీరియస్ మొఖం ఫోటో, పరీక్షల రెండు మార్కులు. ఆయన పత్రికల ఎంత కొంటె మనిషో తెల్వదు. 1874ల రాజమండ్రిల వివేకవర్ధని పెట్టిండు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారికి అప్పటికే ఆంధ్ర భాషా సంజీవని అని పత్రిక ఉండె. ఇద్దరికి పడలే. పంతులు గారు వివేకవర్ధనిని ఎక్కిరించనీకె తన పత్రికకు తోకగ హాస్యవర్ధని అని పెట్టిన్రు, ఊకుంటడా ఈయన, 1876ల హాస్య సంజీవని అని తన పత్రికకు తోక పెట్టిండు. చూసిన్రా, ఒకరి పత్రిక పేరు ఒకరు లాక్కొని దాని ముంగట హాస్యం తగిలిచ్చిన్రు. ఇప్పుడు ఫేస్‌బుక్‌ల ఒకడు పేజీ పెడితే ఇంకోడు ట్రోల్ పేజీ పెట్టుడు కొత్తగ కనిపెట్టినం అనుకుంటున్నరు పిల్లలు.

ఆ హాస్య సంజీవనిలనే బ్రహ్మవివాహం వచ్చింది, జనం పెద్దయ్యగారి పెళ్లి అని పిలిచిన్రు, పైసల కోసం పసిపిల్లను ముసలాయనకు కట్టబెట్టే సంగతి. అది కథ కాదు ప్రహసనం, మాటల మీద నడుస్తది, కాబట్టి ఇద్దరు కూసుని పైకి చదివితేనే మజా వస్తది, నేను మా బావమరిది చదివినం, వాడు పెద్దయ్య పాత్ర, వాని గొంతు సరిగ్గ సరిపోయింది. నవ్వొస్తది గానీ ఆ పిల్ల గురించి తలుచుకుంటే కడుపుల కలుక్కుమంటది కూడ, ఆయనకు కావాల్సింది అదే. సత్యరాజా పూర్వదేశ యాత్రలు తర్వాతిది, 1890లల్ల చింతామణి పత్రికల వచ్చింది, గలివర్ యాత్రలు చూసి మన పద్ధతిల రాసిండు. మొదటి భాగం ఆడుమళయాళం, ఆడ ఆడోళ్లదే రాజ్యం, మగోళ్లు ఇండ్లల్ల ఉండాలె, పతివ్రతలకు చెప్పే నీతులన్ని మగోళ్లకు చెప్తరు. ఇది చదివినప్పుడు నాకు బాగ నవ్వొచ్చింది, మా అమ్మకు చదివి వినిపిస్తే నవ్వలే, ఇండ్ల నవ్వేదేముంది బిడ్డా ఉన్నదే రాసిండు అటుదిటు చేసి అన్నది. భాష మాత్రం జర పాతది, గ్రాంథికం, మన దిక్కు పిల్లలకు మొదట్ల అడ్డం పడ్తది, రెండు పేజీలు ఓపిక పడితే అలవాటైతది.

మన నిజాం ఇలాకల అప్పుడు చదువు, సర్కారు ఆఫీసుల పని పార్సీల, తర్వాత ఉర్దూల, తెలుగు పత్రికల సంగతి మన దగ్గర చానా ఆలస్యం, హనుమకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ వచ్చిందే 1904ల, మన ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తీసింది 1922ల. అందుకే మా పెద్దనాన్న లాంటి ముసలోళ్లకు చిన్నప్పటి నవ్వు కథలంటే ఉర్దూవే. ఆయన కోసం తీయించిన అవధ్ పంచ్ 1877ల లక్నోల మున్షీ సజ్జాద్ హుసేన్ మొదలుపెట్టింది, లండన్ పంచ్ పేరు తీసుకుని ఇంగ్లీషోళ్లనే ఎక్కిరిచ్చుడు. దానికి అవధ్ అఖ్బార్ అనే ఇంకో లక్నో పేపర్‌తోని ఎప్పుడు కొట్లాటే, ఆ అఖ్బార్‌లనే రతన్ నాథ్ సర్షార్ ఫసానా ఎ ఆజాద్ సీరియల్ రాసిండు, అండ్ల ఖోజీ అని పొట్టోడు ఉంటడు, నల్లమందు మనిషి, మాటలు కోటలు దాటుతయి. పెద్దనాన్నకు ఖోజీ పేరు చెప్తేనే మొఖం వెలిగింది.

ఇక్కడ షాపుల తప్పు జరిగింది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు కదా, బుక్‌లెట్ సాఫ్ట్‌వేర్ల బైండింగ్ లెఫ్ట్ అని ఉంటది, పిల్లగాడు అట్లనే కొట్టిండు, అన్ని పేజీలు ఉల్టా, చివరి పేజీ ముంగట. పెద్దనాన్న చూసి, ఈ కథల హీరో ముందే సచ్చిండేంది అని అడిగిండు. షాపు అన్న ఒక్క మాట అనకుండ మల్ల కొట్టిచ్చిండు, పైసలు తీసుకోలే, అందుకే ఈ తప్పుకు నేను స్టార్లు తగ్గిస్తలే. పాత ఉర్దూ పత్రికలు టైపు కాదు, రాతి మీద రాసి అచ్చేసినవి, లిథో అంటరు, చేతిరాత లెక్క ఉంటది కాబట్టి కాంట్రాస్ట్ ఎక్కువ పెంచితే నుక్తాలు (అక్షరాల మీద, కింద ఉండే చుక్కలు) పోతయి, మన అరసున్నల కథనే మల్ల.

మార్క్ ట్వెయిన్ కప్ప కథ గురించి చిన్నగ చెప్త. 1865 నవంబర్ల న్యూయార్క్ సాటర్డే ప్రెస్‌ల పడ్డది, పడ్డంకనే వేరే పేపర్లోళ్లు ఎక్కడోళ్లు అక్కడ తీసేసుకుని అచ్చేసుకున్నరు. పందెం కప్పకు ఎవడో పిట్టల వేటకు వాడే సీసం గుండ్లు మింగిపించి ఎగరకుండ చేస్తడు, ముచ్చట అంతే, కానీ చెప్పే ముసలాయన మొఖం మీద నవ్వు లేకుండ చెప్తనే పోతడు చూడున్రి, అది మజా. తర్వాత ఫ్రెంచోళ్లు దాన్ని అనువాదం చేస్తే ఆ ఫ్రెంచిని ట్వెయిన్ మల్ల మక్కికి మక్కి ఇంగ్లీషుల పెట్టి 1875ల అచ్చేసిండు, చూడున్రి నా కప్పను ఏం చేసిన్రో అని. ఆ రెండూ ఒకే బుక్‌లెట్ల పెట్టించుకోన్రి, పక్కపక్కన.

బాగలేనివి కూడ చెప్పాలె. పంచ్‌ల కొన్ని కథలు, ఐర్లండోళ్ల మీద, నల్లోళ్ల మీద, మన హిందుస్తానోళ్ల మీద వేసే జోకులు ఇప్పుడు చదివితే నోరు చేదైతది, నేను అవి తీసేయించిన. ఆ వారం లండన్ల ఏ మంత్రి ఏమన్నడో తెల్వకపోతే అర్థం కాని జోకులు కూడ మస్తున్నయి, అవి ఎంత మంచి కాగితం మీద కొట్టిచ్చినా వేస్ట్, పేజీలు చూసి ఏరుకోన్రి. మనుషుల మీద రాసినవి నిలబడ్డయి, ఆ వారం వార్తల మీద రాసినవి పోయినయి.

షాపుల ఇంకో చిన్న కిరికిరి, కవర్ పేజీ. నేను ఏం చెప్పకపోతే పిల్లగాడు ప్రతి బుక్‌లెట్ మీద పసుపు రంగు నవ్వే మూతి బొమ్మ పెట్టిండు, కండ్లల్ల నీళ్లు కారేది ఉంటది కదా అది. చెహోవ్ గుమాస్తా చావు కథ మీద కూడ అదే. తీయమందామనుకున్న గానీ చూసినకొద్ది బాగనే అనిపించి ఉంచేసిన.

సర్వీస్ అయిదుకు నాలుగున్నర ఇస్త, ఆ సగం తెల్ల పేజీల పైసలకు. పొద్దున పదకొండు లోపల పోన్రి, తర్వాత పిల్లల రష్ ఉంటది. పెన్‌డ్రైవ్ల వైరస్ లేకుండ చూసుకోన్రి, లేకపోతే అన్న అందరి ముంగట తిడ్తడు. ఏ కథ ఏ సైజ్‌ల కావాలనో కాగితం మీద రాసుకుని పోన్రి, సెంటర్ పిన్ అని గట్టిగ చెప్పున్రి లేకపోతే అలవాటు కొద్ది స్పైరల్ కొట్టేస్తరు. ఉర్దూ ఉంటే బైండింగ్ రైట్ సైడ్ అని రెండుసార్లు చెప్పున్రి.